డిబేట్ వేదిక ఎవరెక్కాలో ఎవరు తేల్చాలి? (అమెరికా ప్రైమరీలు)

ఎడిసన్_వాసు

మొన్న వీకెండ్ ఒక ఫ్రెండ్ ఇంట్లో బిర్యానీ చల్లారిపోయేంత గొడవ జరిగింది ఈ విషయం మీద. తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. అధ్యక్ష ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకోవడానికి రాష్ట్రాలవారీగా జరిగే ఎన్నిక) డిబేట్‌కి ఎవరిని పిలవాలో పార్టీ, టీవీ ఛానల్ కలిసి తేల్చడం న్యాయమా?

న్యాయం కాదంటాను. ఒపీనియన్ పోల్స్ పెట్టి, చందా ఇచ్చినవాళ్ల తలలు లెక్కపెట్టి వడగట్టేస్తే ఓటరు చేసేదేముంది? కనీసం మొదటి రెండు మూడు రాష్ట్రాల్లో ఓట్లు పడేదాకా అందర్నీ ఉండనివ్వాలి.

2015 ఆగస్టు 6 గుర్తుచేసుకోండి, క్లీవ్‌లాండ్. రిపబ్లికన్ పార్టీలో చెప్పుకోదగ్గ అభ్యర్థులే 17 మంది. ఫాక్స్ న్యూస్ జాతీయ పోల్స్ సగటు తీసి మొదటి పదిమందిని రాత్రి డిబేట్‌కి పిలిచింది. దాన్ని 2 కోట్ల 40 లక్షల మంది చూశారు. మిగతా ఏడుగురికి సాయంత్రం 5 గంటలకు, దాదాపు ఖాళీ హాల్లో. పెళ్లి భోజనాల్లో చిన్నపిల్లల్ని ముందు కూర్చోబెట్టి పంపించేస్తాం చూడండి, అలాగన్నమాట. అక్కడి జనం కూడా దానికి పిల్లల బల్ల అనే పేరు పెట్టారు. లూసియానా గవర్నర్ బాబీ జిందాల్ ఆ బంతిలోనే కూర్చున్నాడు. పదో సీటు ఒహాయో గవర్నర్ జాన్ కేసిక్‌కి దక్కింది, పదకొండోవాడు రిక్ పెర్రీ, టెక్సస్‌ని 14 ఏళ్లు ఏలిన గవర్నర్. ఇద్దరికీ తేడా రెండు శాతం కూడా లేదు. పెర్రీకి డబ్బులు రావడం ఆగిపోయి సెప్టెంబర్‌లోనే తప్పుకున్నాడు. కేసిక్ 2016 మే దాకా, చివరి ముగ్గురిలో ఒకడిగా నిలబడ్డాడు.

డిమోయిన్_కామేశ్వరి

వాసు గారూ, మీ ఉదాహరణ మీకే అడ్డం తిరుగుతుంది. అదే పిల్లల బంతిలో హెచ్‌పీ కంపెనీ మాజీ సీఈఓ కార్లీ ఫియోరినా కూడా ఉంది. బాగా మాట్లాడింది, పోల్స్‌లో పెరిగింది, సెప్టెంబర్ 16న రీగన్ లైబ్రరీలో సీఎన్ఎన్ డిబేట్‌కి పెద్ద వేదిక ఎక్కింది. పెర్రీకీ ఆమెకీ దొరికిన అవకాశం ఒకటే కదా.

అందర్నీ పిలిస్తే ఏమవుతుందో 2019 జూన్‌లో మయామీలో చూశాం. డెమొక్రాట్లు ఇరవై మంది, రాత్రికి పదిమంది చొప్పున రెండు రాత్రులు. జవాబుకి 60 సెకన్లు. ప్రైవేట్ హెల్త్ ఇన్సూరెన్స్ రద్దు చేస్తారా అన్నది ఎంత పెద్ద ప్రశ్న! 15 కోట్లకు పైగా జనానికి ఉద్యోగం ద్వారానే ఇన్సూరెన్స్ వస్తున్న దేశం ఇది. దానికి జవాబు "చేతులెత్తండి" అని అడిగి తీసుకున్నారు, తిరుపతి బస్సులో కిటికీ సీటు ఎవరికి కావాలని అడిగినట్టు. మొదటి రాత్రి సెనేటర్ ఎలిజబెత్ వారెన్, న్యూయార్క్ మేయర్ డి బ్లాసియో ఎత్తారు. రెండో రాత్రి సెనేటర్లు బెర్నీ సాండర్స్, కమలా హారిస్ ఎత్తారు. తెల్లారేసరికి హారిస్, ప్రశ్న నాకు వేరేలా వినపడిందన్నారు. ఇదా విధాన చర్చ?

నేను ఐయోవాలో ఉంటాను, 2020 కాకస్‌కి (ఓటర్లు ఒకచోట చేరి గుంపులుగా నిలబడి అభ్యర్థిని ఎంచుకునే సభ) వెళ్లాను. మా గదిలో 15 శాతం మద్దతు రాని అభ్యర్థి మనుషులు లేచి వేరే గుంపులోకి వెళ్లాల్సి వచ్చింది. వడపోత ఎక్కడో ఒకచోట తప్పదు.

కాకినాడ_కాజా

మీరు అదృష్టవంతులండీ, ఇలాంటి వాటి మీద కొట్లాడుకుంటున్నారు. మా దగ్గర బీ-ఫారం ఎవరికొస్తుందో నామినేషన్ ఆఖరి రోజు మధ్యాహ్నం దాకా అభ్యర్థికే తెలీదు 😄

ఎడిసన్_వాసు

ఫియోరినా సంగతి ఒప్పుకుంటా, కానీ కథ సగమే చెప్పారు. సీఎన్ఎన్ మొదట పెట్టిన రూలు ప్రకారం ఆమెకి చోటు లేదు. గోల జరిగాక రూలు మార్చారు. మార్చగలిగినవాళ్లు ఎవరికోసమైనా మారుస్తారు, నా భయం అదే.

పైగా ఈ పోల్స్‌లో తప్పు అయ్యే అవకాశమే అటూ ఇటూ 5 శాతం ఉంటుంది. అలాంటి వాటిల్లో 1 శాతానికీ 2 శాతానికీ గీత గీయడం ఏం శాస్త్రం?

లెక్కలమాస్టారు

నాయనా వాసూ, ఆ 5 శాతం అన్నది 400 మందిని అడిగిన పోల్‌లో సగానికి సగం వచ్చిన అభ్యర్థికి. 2 శాతం వచ్చినవాడికి అటూ ఇటూ దాదాపు ఒకటిన్నర శాతమే. తరగతిలో అందరూ చేసే తప్పే ఇది.

అయినా నీ వాదన బతికే ఉంది. 400 మందిలో 1 శాతం అంటే నలుగురు, 2 శాతం అంటే ఎనిమిది మంది. ఫోన్ ఎత్తిన ఇంకో నలుగురు నీ పేరు చెబితే వేదిక, లేకపోతే ఇల్లు. 2019లో డెమొక్రాట్లు ఆ 2 శాతం నాలుగు పోల్స్‌లో రావాలి అన్నారు కాబట్టి కొంత నయం. కానీ ఏ సంస్థల పోల్స్ లెక్కలోకి వస్తాయో పార్టీయే జాబితా ఇస్తుంది. నన్నడిగితే అసలు తిరకాసు అక్కడుంది.

ఎడిసన్_వాసు

థాంక్స్ మాస్టారూ, సరిదిద్దుకుంటున్నా.

ఇక చందాదారుల లెక్క. 2019లో డెమొక్రాటిక్ పార్టీ మొదట 65,000 మంది దాతలు లేదా మూడు పోల్స్‌లో 1 శాతం అంది. సెప్టెంబర్ డిబేట్‌కి వచ్చేసరికి 1,30,000 మంది దాతలు, నాలుగు పోల్స్‌లో 2 శాతం, రెండూ కావాలంది. మామూలు జనం బలం చూపించడానికే అన్నారు. జరిగిందేంటి? జాన్ డెలానీ, కొత్తగా ఎవరు చందా ఇచ్చినా వాళ్ల పేరున 2 డాలర్లు దానధర్మాలకి ఇస్తానన్నాడు. 2023లో రిపబ్లికన్లు 40,000 మంది దాతలు కావాలంటే, డగ్ బర్గమ్ ఒక డాలరు చందా ఇస్తే 20 డాలర్ల గిఫ్ట్ కార్డు అన్నాడు! రూపాయి ఇస్తే ఇరవై రూపాయలు తిరిగొచ్చే స్కీము. మిల్వాకీలో జరిగిన డిబేట్ వేదిక ఎక్కాడు కూడా.

అప్పట్లో మా ఆఫీసులో ఒకడు ఆ కార్డు కోసం సరదాగా డొనేట్ బటన్ నొక్కబోతే నేనే ఆపాను. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడి ఎన్నికల్లో చందా ఇవ్వకూడదు, గ్రీన్ కార్డు వచ్చాకే. ఇది చదివే కుర్రాళ్లు ఎవరైనా ఉంటే గుర్తుంచుకోండి, జోక్ కాదు.

సబ్ఎడిటర్_రిటైర్డ్

ముప్పై ఏళ్లు తెలుగు పేపర్‌లో అంతర్జాతీయ పేజీ చూశాను, ఒక పాత కథ చెబుతా.

1980 ఫిబ్రవరి, రిపబ్లికన్ ప్రైమరీ, న్యూ హాంప్‌షైర్‌లో నాషువా. అక్కడి పత్రిక రీగన్, బుష్ ఇద్దరికే డిబేట్ పెట్టింది. మిగతావాళ్లని వదిలేసి ఇద్దరికే ఖర్చు పెడితే అది ఆ ఇద్దరికీ ఇచ్చిన అక్రమ చందా అవుతుందని ఎన్నికల కమిషన్ అంది. దాంతో రీగన్ తన డబ్బుతో హాలు ఖర్చు భరించి, వాళ్లలో నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. గొడవ. మోడరేటర్ రీగన్ మైక్ ఆపేయమన్నాడు. "ఈ మైక్‌కి డబ్బు కట్టింది నేను" అని రీగన్ గర్జించాడు. బుష్ కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. మూడు రోజుల తర్వాత ఆ రాష్ట్రం రీగన్ గెలిచాడు. తమాషా ఏమిటంటే ఆ నలుగురూ ఆ రాత్రి డిబేట్‌లో మాట్లాడనే లేదు, వేదిక దిగి వెళ్లిపోయారు.

మీరిద్దరూ డిబేట్ చుట్టూనే తిరుగుతున్నారు. డిబేట్ రెండు గంటలు, మిగతా రోజులన్నీ ఎవరివి? 2016 మార్చి నాటికి ట్రంప్‌కి మీడియాలో ఉచితంగా దొరికిన ప్రచారం విలువ దాదాపు 200 కోట్ల డాలర్లని మీడియాక్వాంట్ అనే సంస్థ లెక్క కట్టింది. ఆయన సొంతంగా టీవీ ప్రకటనలకి పెట్టింది కోటి డాలర్ల లెక్కలో. ఖాళీ పోడియంని కూడా లైవ్‌లో చూపించారు.

టీవీ, రేడియోలు అభ్యర్థులందరికీ సమాన సమయం ఇవ్వాలన్న చట్టం 1934 నుంచీ ఉంది. కానీ 1959లో వార్తలకి మినహాయింపు ఇచ్చారు, తర్వాత డిబేట్లూ ఆ మినహాయింపులోకే వచ్చాయి. ఇక మిగిలింది వినోదం. 2015 నవంబర్‌లో ఎన్‌బీసీ హాస్య కార్యక్రమంలో ట్రంప్ 12 నిమిషాలు కనిపిస్తే, తోటి అభ్యర్థులు కేసిక్, హకబీ, గ్రాహమ్, గిల్మోర్ అడిగి మరీ అంత సమయం ఇప్పించుకున్నారు. వార్తల్లో రోజూ గంటలకొద్దీ కనిపిస్తే లెక్క లేదు, కామెడీలో 12 నిమిషాలకి లెక్క!

డిమోయిన్_కామేశ్వరి

మంచి మాట చెప్పారు సబ్ఎడిటర్ గారూ. డెమొక్రాటిక్ అభ్యర్థి ఆండ్రూ యాంగ్ గొడవ అదే కదా. డిబేట్లకి అర్హత సాధిస్తూనే ఉన్నాడు, అయినా ఛానల్ గ్రాఫిక్స్‌లో తన పేరు పదే పదే వదిలేస్తున్నారని 2019 నవంబర్‌లో ఎంఎస్ఎన్‌బీసీకి వెళ్లనని కూర్చున్నాడు.

విధాన చర్చ కావాలంటే అసలు ఈ పద్ధతే మార్చాలి. ఇంకో అభ్యర్థి జే ఇన్‌స్లీ వాతావరణ మార్పు ఒక్కదాని మీదే డిబేట్ పెట్టమని అడిగితే పార్టీ కుదరదంది. చివరికి సీఎన్ఎన్ 2019 సెప్టెంబర్ 4న అభ్యర్థుల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి ఏడు గంటలు నడిపింది. చాలామంది బోర్ అన్నారు. నేను పప్పు రుబ్బుకుంటూ, బట్టలు మడతపెట్టుకుంటూ దాదాపు మొత్తం చూశాను. ఎవరికి సబ్జెక్టు తెలుసో, ఎవరు బట్టీ పట్టారో అరగంటలో బయటపడిపోతుంది.

ఎడిసన్_వాసు

ఏడు గంటలకి నేను రెడీ, మా వీసాల గురించి పెడితే. 2016 మార్చి 3న డెట్రాయిట్ డిబేట్‌లో హెచ్1బీ మీద అడిగితే, నైపుణ్యం ఉన్నవాళ్లు దేశానికి కావాలి, నేను మనసు మార్చుకుంటున్నా అన్నాడు ట్రంప్. మా రూమ్‌లో ఈలలు. డిబేట్ అవగానే ప్రకటన వచ్చింది, మార్చుకోలేదని! వేదిక మీద ఒక మాట, దిగాక ఒక మాట. ఆ రాత్రి పడిన టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది.

అసలు విషయానికి వస్తా. 2020లో డెమొక్రాట్ల తరఫున దిగిన కోటీశ్వరుడు, న్యూయార్క్ మాజీ మేయర్ బ్లూమ్‌బర్గ్ సంగతేంటి? ఆయన ఎవరి దగ్గరా చందా తీసుకోలేదు, కాబట్టి దాతల రూలు ఉన్నన్నాళ్లూ వేదిక ఎక్కలేడు. 2020 జనవరి ఆఖర్న పార్టీ ఆ రూలు తీసేసింది. తోటి అభ్యర్థులు కోరీ బుకర్, జూలియన్ కాస్ట్రో అంతకుముందే గీత దాటలేక ఇంటికెళ్లిపోయారు. వాళ్లకి మారని రూలు కుబేరుడికి మారింది.

డిమోయిన్_కామేశ్వరి

చూడ్డానికి అసహ్యంగానే ఉంది, ఒప్పుకుంటా. కానీ వేదిక ఎక్కాక ఏమైందో కూడా చెప్పండి! ఫిబ్రవరి 19, లాస్ వెగాస్. నోరు విప్పకూడదని ఆడవాళ్లతో రాయించుకున్న ఒప్పందాల మీద వారెన్ ఉతికి ఆరేసింది. ప్రకటనల్లో మహారాజులా కనిపించిన మనిషి అక్కడ నీళ్లు నమిలాడు. వంద కోట్ల డాలర్లకి పైగా పోసి, ఒకేరోజు చాలా రాష్ట్రాల్లో ఓట్లు పడే సూపర్ ట్యూస్‌డే నాడు గెలిచింది అమెరికన్ సమోవా అనే చిన్న దీవుల ప్రాంతం ఒక్కటే. రూలు మార్చకపోతే టీవీ ప్రకటనల వెనకే హాయిగా దాక్కునేవాడు. డిబేట్‌కి పిలవడం ఎప్పుడూ మేలు చేయడమే అనుకోకండి.

కాకినాడ_కాజా

అలా అయితే పిలవకపోవడం కూడా మేలు చేయడమే కదండీ? 2024లో డెమొక్రాట్లు ఒక్క ప్రైమరీ డిబేట్ కూడా పెట్టలేదు. ఫ్లోరిడాలో పార్టీ బైడెన్ పేరొక్కటే ఇచ్చింది, ప్రైమరీయే లేకుండా పోయింది. బైడెన్ మీద పోటీకి దిగిన డీన్ ఫిలిప్స్ అరిచి అరిచి ఊరుకున్నాడు. తీరా జూన్ 27న ట్రంప్‌తో డిబేట్‌లో బైడెన్ పరిస్థితి ప్రపంచమంతా చూసింది, జూలై 21న తప్పుకున్నాడు. ఆ డిబేట్ జనవరిలో జరిగి ఉంటే?

డిమోయిన్_కామేశ్వరి

పదవిలో ఉన్న అధ్యక్షుడు ప్రైమరీలో డిబేట్ చేయకపోవడం కొత్తేం కాదు బాబూ. 2020లో ట్రంప్ కూడా చేయలేదు, సౌత్ కరోలినా, నెవాడా లాంటి చోట్ల రిపబ్లికన్లు ఆ పోటీనే రద్దు చేశారు. 2023లో అయితే పదవిలో లేకపోయినా ఒక్క డిబేట్‌కీ రాలేదు, పార్టీ అభ్యర్థిత్వం గెలిచాడు.

కానీ నువ్వు అడిగిందానికి నా దగ్గర జవాబు లేదు. 2024 మాత్రం తప్పే.

ఎడిసన్_వాసు

హమ్మయ్య, ఒక వికెట్ పడింది. అయితే నా రూలు వినండి. పోల్స్ వద్దు, డాలర్లు వద్దు. బ్యాలెట్ మీద పేరుంటే వేదిక మీద కుర్చీ ఉండాలి. పార్టీ చేతిలో, ఛానల్ చేతిలో ఏమీ ఉండదు.

డిమోయిన్_కామేశ్వరి

న్యూ హాంప్‌షైర్ బ్యాలెట్ మీదకి రావడానికి ఎంతో తెలుసా? 2024లో 1,000 డాలర్లు, అంతే. అక్కడ వెర్మిన్ సుప్రీమ్ అని ఒకాయన తలమీద పెద్ద బూటు పెట్టుకుని పోటీ చేస్తుంటాడు. గెలిస్తే ప్రతి పౌరుడికీ ఒక పోనీ గుర్రం ఇస్తాడట. కుర్చీ వేద్దామా?

లెక్కలమాస్టారు

నేను ఆయనకే ఓటు. గుర్రం ఎప్పుడిస్తారు?

ఎడిసన్_వాసు

😂 సరే, ఒక్క రాష్ట్రం చాలదు. పది రాష్ట్రాల్లో ఓటర్ల సంతకాలు తెమ్మందాం. సంతకానికి గిఫ్ట్ కార్డు ఇవ్వకూడదు.

డిమోయిన్_కామేశ్వరి

సంతకాలూ డబ్బిచ్చి సేకరించేవే ఎక్కువ వాసు గారూ, దానికి కంపెనీలున్నాయి. 2022లో మిషిగన్ గవర్నర్ ప్రైమరీలో ఐదుగురు రిపబ్లికన్లు బ్యాలెట్ మీదకే రాలేకపోయారు. వాళ్లు కూలికి పెట్టుకున్న మనుషులు తెచ్చిన సంతకాలు వేలకొద్దీ దొంగవని తేలింది. డెట్రాయిట్ మాజీ పోలీస్ చీఫ్ కూడా వాళ్లలో ఒకరు.

ఎడిసన్_వాసు

పోలీస్ చీఫ్‌నే ముంచారా! ఇది నాకు తెలీదు. చదివి రేపు రాత్రి మళ్లీ వస్తా, థ్రెడ్ మూసేయకండి.