అప్‌డేట్: కోల్‌తార్‌లోని బరువైన భాగాలు జీసీ-ఎంఎస్‌లో కనబడని సమస్య తీరింది

పోయిన నెల నేనే అడిగాను. తిరుపతిలో మా ల్యాబ్‌లో కోల్‌తార్ (బొగ్గు నుంచి వచ్చే తారు) శాంపిల్ జీసీ-ఎంఎస్‌లో (శాంపిల్‌ను ఆవిరి చేసి, అణువులను విడదీసి, వాటి బరువు కొలిచే యంత్రం) పెడితే అణుభారం 252 ఉన్న బెంజోపైరీన్, మహా అయితే 276 దాకా పీకులొస్తున్నాయి, ఆపైన ఖాళీ, ఎందుకని. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

సర్వీస్ ఇంజనీర్ వచ్చి ఇన్లెట్ (శాంపిల్ ఆవిరయ్యే చోటు) విప్పారు. లోపలి గాజు లైనర్‌కి నల్లగా, వార్నిష్ పూసినట్టు పట్టేసి ఉంది. బరువైన అణువులు ఆవిరే కాక అక్కడే ఆగిపోయాయి, అణువులను విడదీసే సన్నటి గొట్టమైన కాలమ్‌లోకి వెళ్లనే లేదు. కాబట్టి నేను వారం రోజులు మార్చి మార్చి చూసిన ఓవెన్ టెంపరేచర్‌కీ, కొత్త కాలమ్ కొనాలన్న ఆలోచనకీ దీంతో సంబంధం లేదు.

పనిచేసింది, ముందు సాల్వెంట్లతో విడదీయమన్న సలహా. సాక్స్‌లెట్‌లో (సాల్వెంట్‌ను మళ్లీ మళ్లీ శాంపిల్ మీదుగా పంపే గాజు పరికరం) మొదట హెప్టేన్, తర్వాత టోలీన్. సైఫన్‌లో దిగే టోలీన్ టీ డికాక్షన్ రంగు నుంచి తేటపడేదాకా ఆపకండి, నాకు రెండు రోజులు పట్టింది. హెప్టేన్‌లో కరిగింది మాత్రమే జీసీకి ఇచ్చాను. థింబుల్‌లో (సాక్స్‌లెట్‌లో శాంపిల్ పెట్టే గొట్టం) మిగిలిన నల్లపొడిని వేరే ఊళ్లో లేజర్ డిసార్ప్షన్ మాస్ స్పెక్ట్రోమెట్రీకి (లేజర్‌తో అణువులను పైకి లేపి బరువు కొలిచే పద్ధతి) పంపాం. ఈ ఆరోమాటిక్‌లు (బెంజీన్ లాంటి వలయాలున్న అణువులు) లేజర్ కాంతిని వాటంతటవే పీల్చుకుంటాయి, కాంతిని పీల్చి సాయపడే మ్యాట్రిక్స్ అనే పదార్థం కలపనక్కర్లేదు. అణుభారం 300 నుంచి 1000 దాటి పెద్ద గుట్టలా సిగ్నల్ వచ్చింది! లేజర్ పవర్ పెంచితే ఆ గుట్ట జరుగుతుంది, అందుకే పవర్ ఎంతో తప్పక రాసుకోండి.

బెంజోపైరీన్ క్యాన్సర్ కారకం. గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ లేకుండా దీని జోలికి వెళ్లొద్దు.