రామోన్ ఇల్లు వదిలి వెళ్లడం సరైనదేనా? ‘రెయిన్‌బోస్ సన్‌సెట్’ మీద చర్చ

గోదారిగట్టు:
జోయెల్ లమంగన్ తీసిన ఫిలిప్పీన్స్ సినిమా ‘రెయిన్‌బోస్ సన్‌సెట్’ (2018) చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. రామోన్‌కి 84 ఏళ్లు, మాజీ సెనేటర్. భార్య, ఎదిగిన పిల్లలు, ఊళ్లో పేరు అన్నీ ఉన్నాయి. ఆయన ప్రాణస్నేహితుడు ఫ్రెడోకి క్యాన్సర్ ముదిరిపోయింది. దగ్గరుండి చూసుకోవడానికి రామోన్ ఇల్లు వదిలి అతని దగ్గరికి వెళ్లిపోతాడు. మా ఇద్దరిదీ ఒట్టి స్నేహం కాదు, ఇన్నేళ్లుగా ప్రేమేనని ఇంట్లోవాళ్ల ముందు ఒప్పుకుంటాడు. భార్య సిల్వియా అడ్డు చెప్పదు. పిల్లలు మాత్రం ఒప్పుకోరు.

పిల్లలది తప్పేనా? నాకైతే సినిమా వాళ్లకి అన్యాయం చేసిందనిపించింది. ఒక్కొక్కరికీ ఒక్కో గుట్టు అంటగట్టి, మాట్లాడే అర్హతే లేకుండా చేసింది. తప్పులున్న మనిషికి బాధ ఉండదా? పుట్టినప్పట్నించీ నాన్న అనుకున్న మనిషిలో సగం తమకి తెలియనే తెలియదని తేలితే కోపం రాదా?

ఓరుగల్లు_చిన్నోడు:
కోపం రావొచ్చన్నా, ఎవరు కాదన్నరు? కానీ వాళ్ల లొల్లి దేని గురించి? ‘ఇన్నేండ్లు మాకెందుకు చెప్పలేదు నాయనా’ అని గాదు. జనం ఏమంటరు, పరువు ఏం గావాలె అని. బిడ్డ రాజకీయాల్ల ఉన్నది, ఆమె లెక్కలు ఆమెవి. అదే రామోన్ ‘దోస్తు సావుబతుకుల మీదున్నడు, పోయి చూసుకుంట’ అని మాత్రమే చెప్పి పోతే, గీ పిల్లలే మా నాయన బంగారమని పది మందికి చెప్పుకునేటోళ్లు. మంచం గదే, రోగం గదే, చేసే సేవ గదే. నిజం చెప్పినందుకే గదా శిక్ష?

దావావ్_డాక్టరమ్మ:
ఇంతసేపూ తండ్రి గురించీ పిల్లల గురించే మాట్లాడుకుంటున్నాం. రోగి ఫ్రెడో. అతనికి ఏం కావాలో ఎవరూ అడగలేదు.

నేను ఎం.డి. చదివింది ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో. మన తెలుగు పిల్లలు చాలామంది వెళ్లే ఊరే. అక్కడి ప్రభుత్వాసుపత్రుల వార్డుల్లో ప్రతి మంచం దగ్గరా రాత్రింబవళ్లు ఒక మనిషి ఉండాల్సిందే. ‘బంతాయ్’ అంటారు. నర్సులు తక్కువ, రోగులు ఎక్కువ. మందులు కొనుక్కురావడం, రక్తం కోసం తిరగడం, ఒళ్లు తుడవడం, పక్క మార్చడం అన్నీ ఆ మనిషి పనే. వెంటిలేటర్ దొరక్కపోతే గొట్టానికి తగిలించిన గాలిసంచి గంటల తరబడి చేత్తో నొక్కుతూ కూర్చునేదీ వాళ్లే. కొడుకో కూతురో రాలేని చోట పక్కింటివాళ్లో స్నేహితులో ఆ పని చేయడం కళ్లారా చూశాను. ఎవరూ లేని మంచాన్ని కూడా చూశాను. అక్కడ రోగం కంటే ముందు మనిషి ధైర్యం పోతుంది.

చివరి దశ క్యాన్సర్‌లో నొప్పికి మార్ఫిన్ ఉంది. ఆయాసానికి మందుంది. రాత్రి రెండింటికి మెలకువొచ్చినప్పుడు పట్టే భయానికి మాత్రం తెలిసిన చెయ్యి కావాలి. ఎవరి చెయ్యి అన్నది రోగి ఇష్టం. ఫ్రెడో కోరుకున్నది రామోన్‌ని. మిగతావన్నీ నాకు దాని తర్వాతే.

మల్లెపందిరి:
డాక్టరమ్మ గారూ, ఫ్రెడో మంచం పక్కన రామోన్ ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ ‘సిల్వియా సరేనంది కదా’ అని అందరూ ఆమెని దాటేసి వెళ్లిపోతున్నారే, అక్కడ ఆగండి.

ఆమె సరే అనక ఏం చేయాలి? ఫిలిప్పీన్స్‌లో ముస్లింలకి తప్ప విడాకుల చట్టమే లేదు. ఈ సినిమా వచ్చిన 2018లోనే విడాకుల బిల్లు దిగువ సభలో నెగ్గింది, సెనేట్ దాటలేదు. వాళ్ల కుటుంబ చట్టం 68వ ఆర్టికల్ ఏమంటుందంటే, భార్యాభర్తలు కలిసి బతకాలి, ఒకరికొకరు విశ్వాసంగా ఉండాలి, తోడుగా నిలవాలి. ఆమె ఆ మాట జీవితమంతా నిలబెట్టుకుంది. వేరే దారి లేని మనిషి చెప్పిన ‘సరే’ని అంగీకారం అంటారా?

ఇదే సిల్వియా చిన్ననాటి స్నేహితురాలి కోసం 84 ఏళ్లప్పుడు పెట్టె సర్దుకుంటే, రామోన్ గుమ్మం దాకా వచ్చి సాగనంపేవాడా? ఆడదాని ఓర్పుని చూసి చప్పట్లు కొట్టడం మనకీ అలవాటే, వాళ్లకీ అలవాటే.

సినిమాకబుర్లు:
మల్లెపందిరి గారూ, ఇది మోసపోయిన భార్య కథ కాదండీ. సిల్వియాకి సంగతంతా ఎప్పట్నించో తెలుసు. ఆమెకి ఫ్రెడో అంటే సవతి కాదు, తన స్నేహితుడు కూడా. పోతున్నది తన మనిషి కూడా అన్న దిగులు సిల్వియాగా చేసిన గ్లోరియా రొమేరో ముఖంలో కనిపిస్తుంది. ఆ ఏడాది మెట్రో మనీలా చిత్రోత్సవంలో ఉత్తమ నటి ఆవిడే. ఉత్తమ చిత్రం, దర్శకుడు, ఫ్రెడోగా చేసిన టోనీ మబేసాకి సహాయ నటుడు అవార్డులూ దీనికే వచ్చాయి. రామోన్‌గా చేసిన ఎడ్డీ గార్సియాతో సహా ముగ్గురూ అప్పటికి ఎనభై దాటినవాళ్లే. మరుసటి ఏడాదే, 2019లో, గార్సియా, మబేసా ఇద్దరూ పోయారు. 2025 జనవరిలో ఆవిడ కూడా. ఇప్పుడు మళ్లీ చూస్తే సిల్వియాలో నాకు లొంగుబాటు కనబడదు. పెద్దరికం కనబడుతుంది.

గోదారిగట్టు:
పెద్దరికమే అనుకుందాం. అయినా మల్లెపందిరి గారి ప్రశ్న అలాగే ఉంది. తెలుసు కాబట్టి బాధ తగ్గిపోతుందా?

ఇంకోటి. ఫ్రెడో స్పృహ తప్పితే ఆసుపత్రిలో సంతకం ఎవరు పెట్టాలి? రామోన్ చట్టం దృష్టిలో అతనికి ఏమీ కాడు. ఇలాంటి చోట మన దేశంలో ఎలా?

దావావ్_డాక్టరమ్మ:
మన దగ్గర ముందే రాసిపెట్టుకునే వీలుంది. చివరి దశలో ఏ వైద్యం వద్దో, మాట పడిపోయాక ఎవరు నిర్ణయించాలో కాగితం మీద పెట్టొచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, 2023లో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. సంరక్షకుల పేరో దగ్గరి బంధువుల పేరో రాయాలి. ఆ సంరక్షకుడు రక్తసంబంధీకుడే కావాలని అందులో లేదు. రాసిపెట్టుకున్నవాళ్లే చాలా తక్కువ. లేకపోతే ఇరవై ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ముడు వచ్చి సంతకం పెడతాడు, రోజూ గంజి తాగించిన స్నేహితుడు గేటు బయట నిలబడతాడు.

మల్లెపందిరి:
ఆ కాగితం అందరూ రాయాల్సిందే, మారుమాట లేదు. నా ప్రశ్నకి మాత్రం ఇంకా జవాబు రాలేదు. రేపు సిల్వియా మంచాన పడితే ఆ బంతాయ్ ఎవరు?

ఓరుగల్లు_చిన్నోడు:
రామోనే అక్కా. ఫ్రెడోకి ఎట్ల చేసిండో గట్లనే, రాత్రింబవళ్లు. చేయలేదనుకో, అప్పుడు నేను గుడ నీ దిక్కే మాట్లాడుత.