సమస్య: "గెలుపు దక్కిన వానికే గేలి మిగిలె"

నిర్వాహకుడు: ఈసారి పాదం తేటగీతిది. షరతు ఒక్కటే, పూరణ మధ్యయుగపు ఇరాన్, మధ్య ఆసియా రాణుల మీద ఉండాలి. ఢిల్లీ రజియా వద్దు బాబూ, ఆవిడ మీద ఇప్పటికే గుట్టలు పడ్డాయి.

పాతకాపు:
గజని మహమూదు దూతతో గడుసు రాణి
పలికె నోడిన నీకెంత పరువు చేటు
విధవ నోడించి నీవేమి వెలుగ గలవు
గెలుపు దక్కిన వానికే గేలి మిగిలె

ఈవిడ రే నగరాన్ని ఏలిన బువైహీ వంశపు రాణి సయ్యిదా షిరీన్. రే అంటే ఇప్పటి టెహ్రాన్ పక్కనే. భర్త 997లో పోతే, పసివాడైన కొడుకు మజ్దుద్దౌలా పేరు మీద ముప్పై ఏళ్ళు తనే ఏలింది. నాణెం మీద, శుక్రవారం ప్రార్థనలో నా పేరుండాలి (అంటే నన్నే ఏలికగా ఒప్పుకోవాలి), లేదంటే దండెత్తుతానని మహమూద్ కబురు పెడితే ఇచ్చిన జవాబట ఇది.

నిర్వాహకుడు: యతులు, గణాలు బాగానే ఉన్నాయి, నడక ఇంకా బాగుంది. కానీ కాలం తప్పింది మాస్టారూ. రాణి జరగబోయేది చెబుతోంది, సమస్యలో 'మిగిలె' అని అయిపోయిన సంగతి. అతుకు కనిపిస్తోంది.

పాతకాపు: నిజమే. మూడో పాదం "విధవఁ గెల్చిన రాజుల విను చరిత్ర" అంటే? అరసున్న మాత్రం తీసేయకండి, తీస్తే విధవే గెలిచినట్టవుతుంది!

బావిగట్టు: తీసినా తప్పేం లేదండీ, గెలిచింది ఆవిడే కదా. కాకపోతే ఈ జవాబు కాబూస్‌నామా అనే 1082 నాటి నీతిగ్రంథంలోది, అంటే ఆవిడ పోయిన యాభై ఏళ్ళ తర్వాత రాసింది, మాట మాటా నిజమని నమ్మక్కర్లేదు. ఆవిడ బతికుండగా మహమూద్ రే జోలికి రాలేదన్నది మాత్రం నిజం. 1028లో ఆవిడ పోయింది, 1029లో ఆయన వచ్చాడు. ఎవరు పిలిచారో నా పూరణలో చూడండి:

తల్లి పోవగ గద్దెపై తాను నిలిచి
సేన నడుపగ జాలక చేయి చాచి
పిలిచి మహమూదు పాలైన పిచ్చి కొడుకు
గెలుపు దక్కిన వానికే గేలి మిగిలె

సైనికులు తిరగబడితే కాపాడమని కొడుకే ఉత్తరం రాశాడు. మహమూద్ వచ్చి అతన్నే పట్టుకుని, చదరంగం ఆడతావా అన్నాడట. కొడుకు ఆడతానన్నాడు. అయితే ఒక రాజు ఇంకో రాజు గడిలోకి వెళ్ళడం ఎప్పుడైనా చూశావా అన్నాడట మహమూద్.

నిర్వాహకుడు: చదరంగం ముక్క ప్రాణం లాంటిది, దాన్ని కింద వివరణలో పారేసి పద్యంలో 'పిచ్చి కొడుకు' పెట్టారు. పైగా అతనికి మనోవ్యాధి ఉండేది, ఆనాటి మహావైద్యుడు ఇబ్న్ సీనా అంతటివాడు వైద్యం చేశాడు, ఆ మాట తిట్టులా తగులుతోంది. అసలు ఇందులో గెలుపు ఎవరికి దక్కింది? సమస్య విడిగా ఉండిపోయింది. 'చేయి చాచి' మాత్రం మెచ్చుకోవాలి.

కొత్తమ్మాయి: నాకిదే మొదటి పద్యం, టెన్షన్‌గా ఉంది.

ఎనుబదేండ్లను దాటిన యింతి యుసురు
తీసి హేరాతు గెలిచిన ధీరు డనగ
ఆమె కట్టిన మసిదులు నవ్వె నేమొ
గెలుపు దక్కిన వానికే గేలి మిగిలె

తైమూర్ కోడలు గౌహర్ షాద్. మష్హద్‌లో 1418 నాటి మసీదు ఆవిడదే. 1457లో తైమూర్ వంశపు రాజే అయిన అబూ సయీద్ హెరాత్ (ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోది) పట్టుకుని, కుట్ర చేస్తోందన్న అనుమానంతో ఆవిణ్ణి చంపించాడు.

పాతకాపు: మొదటి పద్యమా ఇది! 'ఎనుబదేండ్లను దాటిన యింతి' అనగానే గుండె కలుక్కుమంది. మూడో పాదంలో యతి పోయిందమ్మా, 'ఆ'కి 'న' కుదరదు. 'ఏమొ' అన్న సందేహమూ వద్దు. "ఆమె కట్టిన గుమ్మట మపహసించె" అను, సరిపోతుంది.

బావిగట్టు: అప్పుడు హెరాత్ అతనికి నిలవలేదు కూడా, కోట దక్కక వెనక్కి పోయాడు. కాబట్టి గేలి అన్నది అక్షరాలా నిజం. నా దానికన్నా ఇదే నయం.

కొత్తమ్మాయి: గుమ్మటం తీసేసుకుంటున్నా, థాంక్సండీ. ఒక డౌటు. ఇరాన్‌లోని కిర్మాన్‌ను ఏలిన పాద్షా ఖాతూన్ మీద ఇంకోటి రాద్దామనుకున్నా. ఇక్కడ రుద్రమ ఏలుతున్న రోజుల్లో అక్కడ వాళ్ళమ్మ కుత్లుగ్ తర్కాన్ ఏలింది. ఈవిడేమో సవతి సోదరుణ్ణి చంపించి గద్దె నిలుపుకుంది, 1295లో అతని భార్య పక్షం వాళ్ళ చేతికి చిక్కి తనూ చచ్చిపోయింది. గెలిచిందీ ఆడదే, ఓడించిందీ ఆడదే. మీరేమో 'వానికే' అని కట్టేశారు, ఈవిణ్ణి ఎక్కడ ఇరికించను?

నిర్వాహకుడు: దొరికిపోయాను. 'వారికే' అని మార్చుకో అమ్మా, గణం చెడదు.