అమ్మ రాతి విగ్రహానికి నగలు పెట్టించాలా? పాల్మైరా శిల్పాల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

గుంటూరు అమ్మాయి:
పోయిన కార్తీకంలో అమ్మ పోయింది. ఊళ్లో మా పొలంలో, సమాధి మీద ఛాతీ వరకు విగ్రహం పెడదామని తెనాలిలో శిల్పికి అడ్వాన్స్ ఇచ్చాం. ఆయన మొదట అడిగింది "నగలేం పెట్టమంటారమ్మా?" అని. అక్క కాసులపేరు ఉండాల్సిందే అంటోంది. అమ్మ దాన్ని పెళ్లిళ్లకే బీరువాలోంచి తీసేది. రోజూ ఎర్రరాళ్ల దిద్దులు, నల్లపూసలు, అంతే. ఈ టెన్షన్‌లో ఫోన్‌లో వెతుకుతుంటే సిరియాలోని పాల్మైరా సమాధుల శిల్పాలు కనిపించాయి. ఆ ఆడవాళ్ల ఒంటినిండా నగలే. నిజంగా అలాగే ఉండేవాళ్లా? ఆ ముఖాలు వాళ్లవేనా?

రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్, బ్రాడీపేట:
ముఖాలు చాలావరకు ఒక మూసలో ఉంటాయమ్మా. పెద్ద కళ్లు, ఎదురుగా చూసే చూపు. అది సున్నపురాయి పలక, శవాన్ని ఉంచిన అరకు మూత. మనిషిని గుర్తుపట్టేది పక్కన చెక్కిన పేరుతో, తండ్రి పేరుతో. చాలావాటి మీద "హబల్" అని కూడా ఉంటుంది. అంటే "అయ్యో" అని. ఆ ఒక్క మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను.

క్రీ.శ. 2వ శతాబ్దం మొదట్లో ఆ స్త్రీల చేతిలో కదురు, ఉన్ని చుట్టిన కర్ర ఎక్కువగా కనిపిస్తాయి, నగలు తక్కువ. 200 దగ్గరికి వచ్చేసరికి కదురు పోయి నగలు పెరిగాయి. ఒంటెల బిడారుల వ్యాపారంతో సంపన్నమైన ఊరు అది, సమాధుల్లో చైనా పట్టు కూడా దొరికింది. నగలు ఆ ఇంటి హోదాను చెప్పేవి. మీ అక్క కోరికా అలాంటిదే, తప్పు పట్టకండి.

బంగారం పని, విజయవాడ వన్‌టౌన్:
ఆ శిల్పాల్లో "పాల్మైరా సుందరి" అని పిలిచే ఒకదాని ఫోటో పెద్దది చేసి చూడండి. 1928లో డెన్మార్క్ పురావస్తువేత్త హరాల్డ్ ఇంగోల్ట్ తవ్వకాల్లో దొరికింది, ఇప్పుడు కోపెన్‌హాగన్ మ్యూజియంలో ఉంది. నుదుటికి పట్టీ, తల మీద గొలుసులు, మెడలో వరసలుగా హారాలు, చేతులకు కడియాలు. రంగు ఛాయలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఆ శిల్పి నగను చేతిలోకి తీసుకుని చూసి చెక్కాడనిపిస్తుంది నాకు. మీరూ మీ శిల్పికి ఫోటో కాదు, దిద్దులే ఇవ్వండి. చుట్టూ ఎన్ని రాళ్లు, నడిమి రాయి ఎంత ఎత్తు అనేది ఫోటోలో తెలియదు.

పల్నాడు వాసి:
మన నాగార్జునకొండలోనూ ఛాయాస్తంభాలున్నాయి, అంటే పోయినవాళ్ల జ్ఞాపకంగా నిలిపిన రాతి స్తంభాలు. ఇక్ష్వాకు రాణి వమ్మభట్ట జ్ఞాపకంగా ఒకటి, ఆమె కొడుకు రుద్రపురుషదత్తుని 11వ పాలనా సంవత్సరంలో నిలిపారు. ఆమె ఒక మహాక్షత్రపుని (పశ్చిమ భారతంలోని శక పాలకుల బిరుదు అది) కూతురని శాసనంలోనే ఉంది. మీ అమ్మగారి పేరుతో పాటు పుట్టింటివారి పేరు కూడా చెక్కించండి.

గుంటూరు అమ్మాయి:
దిద్దులు తీసుకుని అక్కా నేనూ నిన్న తెనాలి వెళ్లొచ్చాం. దారిలో ఆ శిల్పాలు చూపించాను. వాళ్లలో చాలామంది ఒక చేత్తో మేలిముసుగు అంచు పట్టుకుని ఉంటారు. అక్క అది చూసి, "మనం బడి నుంచి వచ్చేదాకా అమ్మ గుమ్మంలో కొంగు ఇలాగే పట్టుకుని నిలబడేది" అని ఏడ్చేసింది. కాసులపేరు మాట మళ్లీ ఎత్తలేదు. కొంగు పట్టుకున్న చెయ్యి కూడా చెక్కాలంటే ఇంకా పెద్ద రాయి కావాలి, ఖర్చు పెరుగుతుందన్నారు శిల్పి. పెద్ద రాయే తీసుకోమన్నాం.