చాప్లిన్‌ని తయారు చేసింది ఆకలా, కర్నో కంపెనీయా?

పాతరీలు:
నిన్న మళ్లీ వచ్చింది ఆ ఫార్వర్డు. వానలో చాప్లిన్ బొమ్మ, కింద "నాకు వానలో నడవడం ఇష్టం, నా కన్నీళ్లు ఎవరికీ కనపడవు" అన్న ముక్క. ఆయన ఆత్మకథ రెండుసార్లు చదివాను, ఈ ముక్క నాకెక్కడా తగల్లేదు. మాట ఎవరిదైతేనేం, దాని వెనకున్న కథని మాత్రం అందరం నమ్మేశాం: కుర్రాడు పస్తులున్నాడు, కాబట్టి లోకాన్ని నవ్వించాడు.

ఆ "కాబట్టి" దగ్గరే నా పేచీ. 1890ల్లో దక్షిణ లండన్‌లో పస్తులున్న పిల్లలకి లెక్కే లేదు. వాళ్లలో చాలామంది పెద్దయ్యాక కూడా పస్తులే ఉన్నారు. ఆకలే హాస్యం నేర్పేటట్టయితే లాంబెత్‌లో వీధికో చాప్లిన్ పుట్టాలి కదా?

నా లెక్క వేరు. పదేళ్లు నిండీ నిండకముందే "ఎయిట్ లాంకషైర్ లాడ్స్" అనే చెక్కబూట్ల డాన్సు బృందంలో చేరాడు. 1903 నుంచి షెర్లాక్ హోమ్స్ నాటకంలో బిల్లీ అనే పనికుర్రాడి వేషం కట్టి ఊళ్లు తిరిగాడు. 1908 ఫిబ్రవరిలో ఫ్రెడ్ కర్నో హాస్యనాటకాల కంపెనీలో పడ్డాడు. అక్కడ ఆరేళ్లకి కాస్త తక్కువ. 1913 చివర్లో కీస్టోన్ సినిమా కంపెనీ గడప తొక్కేసరికి వయసు 24. కెమెరా ముందు నిలబడింది అప్పటికే చెయ్యి తిరిగిన పనివాడు. వారానికి 150 డాలర్లిస్తాం రమ్మన్నారంటే స్టేజీ మీద అతని తాగుబోతు వేషం చూసి రమ్మన్నారు. చిన్నప్పటి కష్టాలు విని జీతాలిచ్చేవాళ్లు ఎక్కడా ఉండరు.

ఒప్పుకోనివాళ్లు రండి.

కాఫీకప్పు:
వచ్చా. "పస్తులు" అని ఒక్క ముక్కలో తేల్చేశారే! ఏడేళ్లకి లాంబెత్ వర్క్‌హౌస్. గతిలేనివాళ్లని చేర్చుకుని, తిండి పెట్టి, చాకిరీ చేయించుకునే చోటు. తల్లి హానా, అన్న సిడ్నీ, చార్లీ ముగ్గురూ కలిసే వెళ్లారు, గుమ్మం దాటగానే తల్లిని ఆడవాళ్ల వైపు, పిల్లల్ని పిల్లల వైపు పంపేశారు. తర్వాత ములాఖత్ గదిలో వర్క్‌హౌస్ బట్టల్లో తల్లి కనబడినప్పుడు తగిలిన దెబ్బ గురించి ఆయన డెబ్బై దాటాక రాసుకున్నాడు. పిల్లలిద్దర్నీ హాన్‌వెల్ అనాథ బడికి తోశారు. అక్కడ తామర వస్తే గుండు కొట్టి, అయోడిన్ పూసి, తలకి గుడ్డ కట్టి విడిగా ఉంచారు.

ఇప్పుడు ఒక రోజు సంగతి చెబుతా, వినండి. పిల్లల్ని చూడాలని తల్లికి బుర్రలో ఓ ఉపాయం తట్టింది. వర్క్‌హౌస్ నుంచి విడుదల కావాలని దరఖాస్తు పెట్టింది. పెడితే తల్లీపిల్లల్ని కలిపే వదలాలి. వదిలారు. పాత బట్టలు ఆవిరి పట్టి నలిగిపోయినవి తిరిగిచ్చారు. ముగ్గురూ కెన్నింగ్టన్ పార్కుకి వెళ్లారు. సిడ్నీ దగ్గర దాచుకున్న తొమ్మిది పెన్నీలున్నాయి. అరపౌను నల్ల చెర్రీపళ్లు కొనుక్కుని బెంచీ మీద కూర్చుని తిన్నారు. సిడ్నీ న్యూస్‌పేపరు ముద్ద చేసి దారం చుడితే బంతాట ఆడుకున్నారు. మధ్యాహ్నం హోటల్లో మిగిలిన డబ్బులతో టీ, ఒక ఎండుచేప. సాయంత్రం మళ్లీ వర్క్‌హౌస్‌కే! "సరిగ్గా టీ వేళకి చేరతాం" అని నవ్విందట తల్లి. అక్కడి అధికార్లు భగ్గుమన్నారు, ఎందుకంటే ఈ ముగ్గురి బట్టలకీ మళ్లీ మొదట్నుంచీ ఆవిరి పట్టాలి.

ఇది చాప్లిన్ సినిమాలో సీను కాదూ? రూలుని రూలుతోనే కొట్టడం, పోలీసుకి మస్కా కొట్టి పార్కులో పండగ చేసుకోవడం, చివరికి మళ్లీ మొదటికే రావడం. ఏ కర్నో నేర్పాడండీ ఇది?

గడుగ్గాయి:
కాఫీకప్పు గారూ, మీరు ఆకలి తరఫున వాదిస్తూ అమ్మని గెలిపించేశారు 😀

ఆ ఉపాయం పన్నిందెవరు? హానా. ఆవిడ మ్యూజిక్ హాల్ (పాటలూ హాస్యమూ కలిసిన స్టేజీ ప్రదర్శనల) గాయని. గొంతు పోయి బతుకు వీధిన పడింది గానీ నటన పోలేదు. కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్లని చూస్తూ, వాడి నడకని బట్టి, బూట్లని బట్టి వాడింట్లో పొద్దున ఏం గొడవైందో అభినయించి చెప్పేదట. మనుషుల్ని గమనించడం అమ్మ దగ్గరే నేర్చుకున్నానని కొడుకే అన్నాడు. నాన్న చార్లెస్ కూడా మ్యూజిక్ హాల్ గాయకుడే, తాగి తాగి 1901లో నలభై నిండకుండా పోయాడు. ఇంట్లో డబ్బు లేదు, కళ ఉంది. రెండింటినీ కలిపి "పేదరికం" అని ఒకే సంచిలో వెయ్యకండి.

రంగస్థలం:
నాటకాలాడేవాణ్ని కనక ఆ వైపు నుంచి ఒక మాట.

నాకు మొదటిసారి తాగుబోతు వేషం ఇచ్చినప్పుడు స్టేజీ అంతా తూలాను. జనం నవ్వలేదు. మా దర్శకుడు తెర వెనక చెప్పాడు: "ఒరే, తాగినవాడు తూలాలని చూడడు, తూలకుండా నిలబడాలని చూస్తాడు. నువ్వు నిలబడు. తూలడం దానంతటదే వస్తుంది." ఆ ఒక్క మాట ఒంటికి పట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది. చాప్లిన్ తాగుబోతుని చూడండి, ఎంత మర్యాదగా ఉంటాడో! బట్టలు సర్దుకుంటాడు, పక్కవాళ్లకి క్షమాపణ చెబుతాడు, అగ్గిపుల్ల గీయకుండా కరెంటు దీపానికి సిగరెట్టు ముట్టించబోతాడు. అది ఏడుపులోంచి రాదండీ. రాత్రికి రెండు ఆటలు, మూడు ఆటలు, ఏళ్ల తరబడి ఆడితే వస్తుంది.

కర్నో కంపెనీ అంటే ఒక రకం కార్ఖానా. మాటలు తక్కువ, ఒళ్లు ఎక్కువ. ఒకడు తన్నాలి, ఇంకోడు లెక్క తప్పకుండా పడాలి. ఎవడి వేషం ఎవడైనా కట్టగలగాలి. ఇంకో సంగతి, కొట్టాక ఒక్క క్షణం జాలిగా చూడు అని నేర్పింది కూడా కర్నోయే అని అదే కంపెనీలో పనిచేసిన స్టాన్ లారెల్ (లారెల్-హార్డీ జంటలో ఒకడు) తర్వాత చెప్పేవాడు. అంటే మనం "చిన్ననాటి కన్నీటి చుక్క" అనుకునేది కూడా కొంత కంపెనీ సరుకే.

తెల్లకాగితం:
రెండు పక్షాల వాళ్లకీ ఒకటే ప్రశ్న. సిడ్నీ సంగతేంటి?

అదే తల్లి. అదే వర్క్‌హౌస్. కర్నో కంపెనీలో తమ్ముడి కంటే ముందే, 1906లోనే చేరాడు. తమ్ముణ్ని అక్కడ చేర్పించింది కూడా అతనే. మంచి హాస్యనటుడు, తర్వాత కీస్టోన్‌లోనూ చేశాడు. ఆకలే కారణమైతే సిడ్నీ చాప్లిన్ కావాలి. శిక్షణే కారణమైనా సిడ్నీ చాప్లిన్ కావాలి. కాలేదు.

పాతరీలు:
తెల్లకాగితం గారూ, ఇది నేను ఊహించని చోట తగిలింది, ఒప్పుకుంటా. కొంచెం ఆలోచించి వస్తా.

కాఫీకప్పు:
నాకు ఆలోచన అక్కర్లేదు, జవాబుంది. ఇద్దరి కష్టం ఒకటి కాదు. సిడ్నీ నాలుగేళ్లు పెద్ద. హాన్‌వెల్ నుంచి ముందే నావికుల శిక్షణ ఓడకి వెళ్లిపోయాడు, తర్వాత ఓడల్లో పనికి కుదిరి నెలల తరబడి సముద్రం మీదే. 1903లో తల్లికి మతి చెడినప్పుడు ఇంట్లో ఉన్నది పద్నాలుగేళ్ల చార్లీ ఒక్కడే. ఆవిడ ఇంటింటికీ వెళ్లి బొగ్గు ముక్కలు పంచిపెడుతోందని వీధి పిల్లలు చెబితే ఇంట్లోకి పరిగెత్తాడు. ఆసుపత్రికి నడిపించుకుంటూ తీసుకెళ్లింది వాడే. అన్న ఓడ వచ్చేవరకూ కట్టెలు కొట్టేవాళ్ల దగ్గర తిరుగుతూ, ఇంటావిడ కంట పడకుండా గడిపాడు. సిడ్నీ డబ్బుతో, అరటిపళ్లతో దిగాడు. చెప్పండి, ఇద్దరూ ఒకే బాల్యం గడిపినట్టా?

తెల్లకాగితం:
మంచి జవాబే. కానీ మీ దారిలోనే పోతే, ఎవరు ఎంత ఎక్కువ బాధపడితే అంత గొప్ప హాస్యగాడు అనాల్సొస్తుంది. నేననను. 

నన్ను పట్టుకున్నది ఇంకోటి. ఈయన్ని మనం నటుడిగానే చూస్తున్నాం, రచయితని వదిలేశాం. షెర్లాక్ హోమ్స్ కంటే ముందు "జిమ్" అనే నాటకంలో వేషం ఇస్తామని కాగితాలు చేతిలో పెట్టినప్పుడు ఇతనికి వణుకు పుట్టింది, ఇక్కడే చదవమంటారేమోనని. చదవడం సరిగా రాదు! ఇంటికెళ్లి చదువుకో అన్నారు, బతికిపోయాడు. 35 పేజీలు. సిడ్నీ పక్కన కూర్చుని చదివి వినిపిస్తే మూడు రోజుల్లో అక్షరం పొల్లుపోకుండా కంఠతా పట్టాడు. జీతం వారానికి రెండు పౌన్ల పది షిల్లింగులు.

చదవడం రానివాడు తర్వాత తన సినిమాలన్నిటికీ కథ తానే రాసుకున్నాడు. ఎలా రాశాడు? కాగితం మీద కాదు. 1917లో వచ్చిన "ది ఇమ్మిగ్రెంట్" తీసుకోండి. సినిమా ఓడ మీద మొదలై తర్వాత హోటల్‌కి వస్తుంది. తీసింది మాత్రం తలకిందులుగా. ముందు హోటల్ సీనుతో మొదలుపెట్టాడు. తీస్తూ తీస్తూ ఉంటే, హీరోకీ హీరోయిన్‌కీ ఇంతకుముందే పరిచయం ఎలా అన్న ప్రశ్న వచ్చింది. అప్పుడు పుట్టింది ఓడ. సినిమాలో వాడకుండా పారేసిన రీళ్లు దశాబ్దాల తర్వాత బయటపడ్డాయి గనక ఇదంతా తెలిసింది. మనం కాగితం మీద కొట్టేసి మళ్లీ రాసినట్టు అతను ఫిలిం మీద కొట్టేసి మళ్లీ తీశాడు. హాస్యం రాసే ఎవరినైనా అడగండి, నవ్వు మొదటి చిత్తుప్రతిలో ఉండదు.

గడుగ్గాయి:
ఫిలిం మీద కొట్టివేతలా! ఖర్చెవడిదండీ?

పాతరీలు:
గడుగ్గాయి గారు సరదాకి అడిగారు గానీ, నా జవాబు అక్కడే దొరికింది.

ముందు ఒక ఓటమి. కర్నోకి ముందు, ఒంటరిగా పేరు తెచ్చుకుందామని మైల్ ఎండ్‌లోని ఫారెస్టర్స్ మ్యూజిక్ హాల్లో యూదుడి వేషం కట్టాడు. జోకులన్నీ ఒక అమెరికన్ జోకుల పుస్తకంలోంచి ఎత్తినవి. యూదులు ఎక్కువగా ఉండే పేటలో ఆ జోకులా! నారింజ తొక్కలు, నాణేలు స్టేజీ మీదికొచ్చి పడ్డాయి. మేకప్పు కడుక్కుని, పుస్తకాలు అక్కడే వదిలేసి ఇంటిదారి పట్టాడు. ఆకలి చూసినవాడే, స్టేజీ తెలిసినవాడే, అయినా పరాయి సరుకు అమ్మబోయి దెబ్బతిన్నాడు.

తర్వాత 1914. కీస్టోన్‌లో వేరేవాళ్ల దర్శకత్వంలో తీసిన మొదటి సినిమాల్లో తన విరుపులన్నీ కత్తిరించేస్తున్నారని రోజూ గొడవ. నేనే తీస్తానన్నాడు. బాగా రాకపోతే? తన దాచుకున్న డబ్బులోంచి 1500 డాలర్లు పూచీ పెడతానన్నాడు. పది వారాల జీతం అది! ఆ ఏడాదిలో ముప్పైకి పైగా సినిమాలు. 1915లో ఎస్సనే కంపెనీ వారానికి 1250. 1916లో మ్యూచువల్ వారానికి 10,000, పైన లక్షన్నర బోనసు. అదీ గడుగ్గాయి గారూ ఖర్చు లెక్క. నచ్చేదాకా మళ్లీ మళ్లీ తీసే హక్కుని జీతం పెరిగినకొద్దీ కొనుక్కున్నాడు.

సిడ్నీకీ తమ్ముడికీ తేడా ఏంటంటే, నాకు తోచింది ఇదే. సిడ్నీ దొరికిన వేషం బాగా వేశాడు. తమ్ముడు దొరికినదానితో సరిపెట్టుకోలేదు. ఆ మొండితనం కర్నో ఇచ్చింది కాదు, అంతవరకూ నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటా. ఆకలి ఇచ్చిందంటే మాత్రం ఇంకా ఒప్పుకోను.

కాఫీకప్పు:
1500 డాలర్లు దాచుకోవాలన్న బుద్ధి ఎక్కణ్నుంచి వచ్చింది మరి? 24 ఏళ్ల కుర్రాడు, చుట్టూ అందరూ తాగి తిరిగే లోకంలో? వర్క్‌హౌస్ చూసినవాడు దాచుకుంటాడండీ!

రంగస్థలం:
ఒక అనుమానం. మనం చెర్రీపళ్ల దగ్గర్నుంచి నారింజ తొక్కల దాకా వాదిస్తున్నదంతా 1964లో వచ్చిన ఆత్మకథ మీద ఆధారపడి. రాసేసరికి ఆయనకి డెబ్బై అయిదు. ఆల్డర్‌షాట్‌లో అమ్మ గొంతు పోతే అయిదేళ్లవాడు స్టేజీ ఎక్కి పాడాడనీ, జనం డబ్బులు విసిరితే ముందు ఏరుకుని తర్వాత పాడతానన్నాడనీ రాశాడు. ఎంత నిజమో ఎంత మెరుగో! జీవితాంతం నవ్వుకోసం సీనుకి మెరుగులు దిద్దినవాడు, తన బాల్యానికి మాత్రం దిద్దకుండా ఉంటాడా?

తెల్లకాగితం:
వర్క్‌హౌస్, హాన్‌వెల్ బడి, తల్లి ఆసుపత్రి రికార్డులు ఉన్నాయండీ, అవి కల్పన కాదు. డబ్బులు ఏరుకోవడం లాంటివి మీరన్నట్టే కావచ్చు. నాకు అదే ముచ్చట. కబేళా నుంచి తప్పించుకున్న గొర్రె ఒకటి వీధిలో పరిగెడుతుంటే జనం పడీపడీ నవ్వారనీ, తనూ నవ్వాడనీ, దాన్ని పట్టుకుని తీసుకుపోతుంటే "చంపేస్తారమ్మా" అని ఏడుస్తూ ఇంట్లోకి పరిగెత్తాడనీ రాశాడు. తన సినిమాల్లో నవ్వూ ఏడుపూ కలవడానికి అదే బీజమేమో అని ఆయనకే అనుమానం. నిజంగా అలాగే జరిగిందో లేదో, ఆ పేరా రాసిన తీరు చూడండి. ముందు నవ్విస్తాడు, తర్వాత ఆ నవ్వినందుకు మనకి సిగ్గేసేట్టు చేస్తాడు.

కాఫీకప్పు:
సరే, చివరిగా ఒకటడుగుతా. 1921 "ది కిడ్"లో అద్దె గది. ఏటవాలు కప్పు, చిరుగుల దుప్పటి. పౌనాల్ టెర్రస్‌లో తల్లీకొడుకులు ఉన్న అటక గదికి కూడా ఏటవాలు కప్పే. అనాథ శరణాలయం వాళ్లు పిల్లాణ్ని బండెక్కించి తీసుకుపోతుంటే చాప్లిన్ ఇళ్ల కప్పుల మీదుగా పరిగెత్తి బండిలోకి దూకుతాడు. హాన్‌వెల్‌కి తీసుకుపోయినప్పుడు తనకోసం ఎవరూ అలా దూకలేదు. పాతరీలు గారూ, ఈ సీనుకి కర్నో దగ్గర ఏ స్కెచ్ (చిన్న హాస్యనాటిక) ఉంది?

పాతరీలు:
స్కెచ్ లేదు. కానీ కప్పుల మీద కాలు జారకుండా పరిగెత్తడం ఉంది.

రంగస్థలం:
ఆ పరుగు నేనివాళ మళ్లీ చూశా. పెంకుల మీద ఒక్కచోట జారబోయి ఆగుతాడు, అక్కడ నవ్వు రావాలి, రాదు. పిల్లాడు బండిలోంచి చేతులు చాస్తున్నాడు కదా, అటే చూస్తున్నాం.