‘భారత ప్రజలమైన మేము’: మేమా, మనమా?

మా అమ్మాయి ఏడో తరగతి. సోషల్ పుస్తకంలో రాజ్యాంగ పీఠిక చదువుతూ మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది. “అమ్మా, ఇది అందరి గురించీ కదా, ‘మనం’ అనాలి కదా? ‘మేము’ అన్నారేంటి?” అంది. నాకు జవాబు తోచలేదు. తెలిసినవారు చెప్పండి.

—

అక్కా, పాప మంచి చోట ఆగింది. ఇంగ్లీషు ‘వి’కి, హిందీ ‘హమ్’కి ఈ చిక్కు లేదు. తెలుగులో మాత్రం వినేవాళ్లని కలుపుకున్నామో లేదో తేల్చకుండా నోరు విప్పలేం. ఇంటికొచ్చిన చుట్టంతో ‘మేం భోంచేస్తాం’ అంటే ఆయనకి విస్తరి వేయనట్టే. తమిళులకీ ఈ తేడా ఉంది. వాళ్లు పీఠికలో ‘నామ్’ అని రాసుకున్నారు, అంటే మన ‘మనం’. మరాఠీలో ‘ఆమ్హీ’ అన్నారు, అది మన ‘మేము’.

అసలు ఆ ‘మేము’ ఎవరన్న ప్రశ్న రాజ్యాంగ సభలోనే వచ్చింది. 1949 అక్టోబరు 17న పీఠిక మీద చర్చ జరిగినప్పుడు పూర్ణిమా బెనర్జీ ఒక సవరణ తెచ్చారు. సర్వాధికారాలకీ మూలం ప్రజలేనని స్పష్టంగా రాయాలని, ‘భారత ప్రజల తరఫున మేము’ అని మొదలుపెట్టాలని దాని సారాంశం. అది నెగ్గి ఉంటే ‘మేము’ అంటే సభ్యులే అయ్యేవారు, ప్రజలు పక్కన నిలబడేవారు. రాజ్యాంగానికి మూలమూ అధికారమూ ప్రజలేనన్న భావం పీఠికలో ఇప్పటికే ఉందని అంబేడ్కర్ జవాబిచ్చారు. సభ ఆయన మాటే ఒప్పుకుంది.

అయితే ఆ సభని వయోజనులందరూ ఎన్నుకోలేదు. ఆస్తో, పన్నో, చదువో ఉన్నవాళ్లకే ఓటున్న రోజుల్లో ఏర్పడ్డ ప్రాంతీయ శాసనసభలు 1946లో సభ్యులని పంపాయి. సంస్థానాల దారి వేరు. తర్వాత ప్రజల ఓటుకి పెట్టిందీ లేదు. దామోదర్ స్వరూప్ సేఠ్ ఈ అభ్యంతరాన్ని సభలోనే లేవనెత్తారు. అది కొట్టిపారేయదగ్గది కాదని నా అభిప్రాయం.

అయినా నా ఓటు ‘మేము’కే. పీఠిక ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు వినే ప్రకటన కాదు, ఎవరికి వారు పలికే మాట. పాప పలికితే ఆ ‘మేము’లో పాప ఉంది. అందులో లేనిది, 1947 దాకా మన మీద చట్టాలు చేసిన బ్రిటిష్ పార్లమెంటు. పీఠిక చివర్లో ఈ రాజ్యాంగాన్ని ‘మాకు మేము’ ఇచ్చుకుంటున్నామన్నచోట మాత్రం నాకూ మనసు ‘మనకు మనం’ వైపే లాగుతుంది. ఇచ్చేదీ మనమే, పుచ్చుకునేదీ మనమే కదా.

—

అన్నా, మాది నల్లగొండ. ఒక్కమాట కలుపుతా. రాజ్యాంగ సభలో హైదరాబాద్ సంస్థానానికి ఉన్న 16 స్థానాలు ఖాళీగానే ఉండిపోయాయి. ఈ రాజ్యాంగమే తన సంస్థానానికీ వర్తిస్తుందని నిజాం ఫర్మానా ఇచ్చింది 1949 నవంబరు 23న. సభ ఆమోదించింది 26న. అంటే మా తాతల తరపున అక్కడ సంతకం పెట్టినవాళ్లు లేరు. ఆ రోజు వాళ్లు వింటే ఆ ‘మేము’ అచ్చం వ్యాకరణంలో చెప్పినట్టే వినిపించేది: మమ్మల్ని వదిలేసిన ‘మేము’. తొలి సాధారణ ఎన్నికల్లో మా వాళ్లు ఓటేశారు. నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డిని గెలిపించారు. నా లెక్కలో మేం ఆ ‘మేము’లో చేరింది అప్పుడే.

—

ఇద్దరికీ ధన్యవాదాలు. పాపకి రెండూ చదివి వినిపించాను. నల్లగొండ వాళ్ల మాట విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “అయితే తాతమ్మకి అప్పుడు ఓటుందా?” అని అడిగింది. మా అమ్మమ్మది కృష్ణా జిల్లా, సెంటు పొలం లేదు, బడి మొహం చూడలేదు.