నలుపు-తెలుపు ఫోటో: డార్క్‌రూమ్ ప్రింటా, ఇంక్‌జెట్టా?

కొత్తగోడ: 12×16 అంగుళాల నలుపు-తెలుపు ఫోటో హాల్లో తగిలించాలి. రంగు మారకుండా ఎక్కువ కాలం ఉండేది ఏదండీ?

ఎర్రబల్బు: ఫైబర్ పేపరు (ప్లాస్టిక్ పూత లేని కాగితం) మీద డార్క్‌రూమ్‌లో తీసే వెండి ప్రింటు, అంటే నలుపంతా వెండి రేణువులతో ఏర్పడేది. అయితే కడగడంలోనే ఉంది కిటుకంతా. హైపో, అంటే బొమ్మను నిలిపే ఫిక్సర్, కాగితం నారల్లోకి ఇంకిపోతుంది. అది మిగిలితే కొన్నేళ్లకు వెండి సల్ఫైడుగా మారి పసుపు, గోధుమ మరకలు తేలతాయి. అందుకే హైపోకి రెండు ట్రేలు పెట్టి, సగం సమయం ఒకదాంట్లో, సగం రెండోదాంట్లో ఉంచాలి. తర్వాత లీటరు నీటికి 20 గ్రాముల సోడియం సల్ఫైట్ (హైపోను త్వరగా వదిలించే ఉప్పు) కలిపి అందులో 10 నిమిషాలు, పారే నీళ్లలో అరగంట. సల్ఫైట్ వాడకపోతే గంట కడగాలి.

సిరాచుక్క: మే నెలలో మన ట్యాంకు నీళ్లతోనా? 20 డిగ్రీల డెవలపరుకు (బొమ్మను తేల్చే రసాయనం) రాసిన 2 నిమిషాల లెక్క 33 డిగ్రీల దగ్గర పనిచేయదు. కాగితం మీద వెండిని పట్టి ఉంచే జెలటిన్ పొర మెత్తబడి గోరు తగిలినా గీత పడుతుంది. ఇంక్‌జెట్‌లో పిగ్మెంట్ ఇంకుతో (కరగని రంగు రేణువులున్న సిరా) బరైటా కాగితం (బేరియం సల్ఫేట్ పూత ఉన్నది) మీద తీస్తే నలుపు వెండి ప్రింటుకు ఏమీ తీసిపోదు. మ్యాట్ (మెరుపు లేని) కాగితం మీదైతే తేలిపోతుంది, ఒప్పుకుంటా.

ఎర్రబల్బు: దాన్ని పక్కనుంచి చూడండి. నల్లటి చోట్ల రాగి మెరుపు, సిరా పడని తెలుపులో ఇంకో రకం మెరుపు. వెండి జెలటిన్ లోపల ఉంటుంది కాబట్టి ఆ తేడా రాదు.

సిరాచుక్క: అద్దం వెనక పెడితే అది చాలావరకు కనపడదు. అసలు తంటా వేరే: ఒక్క నల్ల ఇంకే ఉన్న ప్రింటరు బూడిద రంగుల కోసం రంగు ఇంకులు కలుపుతుంది. పగటి వెలుగులో ఒకలా, బల్బు కింద ఇంకోలా కనిపిస్తుంది. గ్రే ఇంకులు విడిగా ఉన్న ప్రింటరే కావాలి. డై ఇంకు (ద్రవంలో కరిగిన రంగు సిరా) మాత్రం వద్దు, తేమకు పాకుతుంది, గాలిలోని ఓజోన్‌కు వెలుస్తుంది.

కొత్తగోడ: మా ఊరి ల్యాబులో ‘కెమికల్ ప్రింట్’ అన్నారు. అంటే వెండిదేనా?

ఎర్రబల్బు: మినీల్యాబ్ (యంత్రంతో రంగుల ఫోటోలు తీసే చిన్న ల్యాబు) అయితే దాదాపు కాదనే అనుకోండి. అది రంగుల ఫోటోల కాగితం. బ్లీచ్, ఫిక్సర్ దశలో వెండంతా పోయి రంగులే మిగులుతాయి. ‘ఫైబర్ పేపరా?’ అని అడగండి. ఔనంటే, తెల్ల అంచు మీద 1:9 సెలీనియం టోనర్ (ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపిన, మిగిలిపోయిన వెండిని పట్టిచ్చే ద్రావణం) చుక్క వేసి 3 నిమిషాలాగి తుడిచి చూపమనండి. గోధుమ మరక పడితే ఫిక్సింగ్ సరిపోలేదు, మళ్లీ తీయించండి.